అక్కా, ఎక్స్‌టెండెడ్ వారంటీకి సంతకం పెట్టేయనా?

మా తమ్ముడు షోరూంలో కూర్చుని ఫోన్ చేశాడు. "అక్కా, బండి కాగితాలన్నీ అయిపోయాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టేయనా?" వెనకాల ఎవరో "ఈ రోజు తీసుకుంటేనే సార్ ఈ రేటు" అంటున్న మాట నాకు వినిపిస్తూనే ఉంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే, బండితో వచ్చే వారంటీ అయిపోయాక కూడా రిపేర్లకు పనికొచ్చేలా విడిగా డబ్బు కట్టి కొనుక్కునే ప్లాన్.

"పెట్టకు. ముందు ఆ కాగితాలు ఫొటో తీసి పంపు" అన్నాను.

వాడు పంపింది నాలుగు పేజీల రంగుల బ్రోషర్. నవ్వుతున్న కుటుంబం, మెరుస్తున్న కారు, "నిశ్చింతగా ఉండండి" అన్న మాట. నేనడిగింది అది కాదు. షరతుల కాగితం, చిన్న అక్షరాలది, అది కావాలి. అది ఇప్పించుకోవడానికి వాడికి నలభై నిమిషాలు పట్టింది. అమ్మే మనిషి దగ్గర కూడా లేదట, ఎవరికో మెయిల్ పెట్టి తెప్పించాడు. అంటే రోజూ అమ్ముతున్న సరుకు లోపల ఏముందో ఆయనా చదవలేదన్నమాట.

నేను తొమ్మిదేళ్లు ఒక వర్క్‌షాప్‌లో వారంటీ డెస్క్ మీద పనిచేశాను. మెకానిక్ బండి చూసి జాబ్ కార్డులో మూడు సంగతులు రాస్తాడు: కస్టమర్ చెప్పిన కంప్లయింట్ ఏమిటి, అసలు కారణం ఏమిటి, ఏం చేస్తే సరవుతుంది. దానికి ఫొటోలు, మీటర్ రీడింగు, పాత సర్వీసుల తేదీలు జతచేసి నేను వారంటీ ఇచ్చిన కంపెనీకి క్లెయిము పంపేదాన్ని. పాసైతే పార్టు వచ్చేది. తిరిగొస్తే ఆ మాట కస్టమర్‌కి చెప్పాల్సిందీ నేనే. అందుకే నాకు ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే ముందు గుర్తొచ్చేది ఆ తిరిగొచ్చిన క్లెయిములే. తిరిగొచ్చిన క్లెయిముల్లో ఎక్కువ భాగం మోసాలు కావు. కొన్న రోజు ఎవరూ చదవని ఒక లైను, మూడేళ్ల తర్వాత మొదటిసారి చదవడం, అంతే.

ముందు లేనివాటి లిస్టు చదవండి

షరతుల కాగితం చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. "ఇవి వర్తించవు" అన్న శీర్షిక ఎక్కడుందో వెతికి అక్కడ మొదలుపెట్టండి.

ఈ ప్లాన్లు రెండు రకాలుగా రాస్తారు. ఒక రకంలో ఏయే పార్టులు కవరవుతాయో పేరు పేరునా ఉంటుంది, ఆ లిస్టులో లేనిది లేనట్టే. రెండో రకంలో "ఇవి వర్తించవు" అన్న లిస్టులో ఉన్నవి తప్ప మిగతావన్నీ కవరైనట్టే. చదవడానికి రెండూ ఒకలాగే అనిపిస్తాయి గానీ, బండి ఆగిపోయిన రోజు చాలా తేడా. మొదటి రకంలో "ఇంజన్" అని రాసి, దాని కింద పిస్టన్లు, క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్ లాంటి ఇనుప సామాను పేర్లన్నీ ఉంటాయి. కొత్త బండ్లలో అవి తొందరగా పోవు. పోయేవి సెన్సర్లు, యాక్చుయేటర్లు (కరెంటు సంకేతంతో పార్టులను కదిలించేవి), కంట్రోల్ మాడ్యూళ్లు (బండిలోని చిన్న కంప్యూటర్లు). లిస్టు పొడుగ్గా ఉంది కదా అని సంబరపడకుండా, అందులో ఈ ఎలక్ట్రానిక్ సరుకు ఎంతుందో చూడండి. నన్నడిగితే రెండో రకం ప్లాన్ అయితేనే ముందుకెళ్లి ఆలోచించొచ్చు. మొదటి రకమైతే బాగా చవగ్గా ఉంటే తప్ప వద్దంటాను.

ఏ రకమైనా అరిగిపోయేవి రావు: బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, వైపర్లు, టైర్లు, ఫిల్టర్లు, బల్బులు, ఆయిళ్లు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ. ఇది అందరికీ తెలుసు. తెలియనిది దాని అంచున ఉండే సరుకు. సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, ఇంజన్ మౌంటింగులు, రబ్బరు గొట్టాలు, సీళ్లు. ఇవి ఒక ప్లాన్‌లో ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. నలభై, యాభై వేల కిలోమీటర్లు దాటాక వచ్చే చిన్నాచితకా శబ్దాల్లో చాలావరకు వీటివే. కాబట్టి వీటి గురించి విడిగా అడగండి.

ఇక అసలు గొడవంతా "కారణం" దగ్గర వస్తుంది. వారంటీ అనేది పార్టు తనంతట తాను, తయారీలోనో మెటీరియల్‌లోనో లోపం వల్ల చెడిపోతే పనికొచ్చేది. బయటి కారణం కనిపిస్తే అంతే సంగతులు. నేను మరిచిపోలేని ఉదాహరణ ఏసీ కంప్రెసర్, అంటే ఏసీ గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు. ఒకాయన బండి తెచ్చాడు, కంప్రెసర్ బిగుసుకుపోయింది. వారంటీ ఉంది, కంప్రెసర్ లిస్టులో ఉంది, అంతా బాగానే ఉంది. విప్పి చూస్తే ముందున్న కండెన్సర్‌కి (ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే జాలీకి) రాయి తగిలి సన్నటి చిల్లు. కంప్రెసర్‌లో తిరిగే నూనె గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ మెల్లగా కారిపోతుంటే నూనె కూడా దాంతోపాటే పోయింది, కంప్రెసర్ ఎండిపోయి పట్టేసింది. పోయింది కంప్రెసరే అయినా కారణం రాయి. క్లెయిము తిరిగొచ్చింది. ఆయన నా మీద గట్టిగానే అరిచాడు. ఆయన చోట నేనున్నా అరిచేదాన్నే.

డీజిల్ బండ్లలో ఇదే కథ ఇంధనంతో జరుగుతుంది. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ పంపు ఇంధనాన్ని 2,000 బార్ల దాకా ఒత్తిడితో తోస్తుంది. దానికి నూనె పూత కూడా ఆ డీజిలే. నీళ్లు కలిసిన సరుకు ఒక్క ట్యాంకు పడితే చాలు, పంపు లోపల అరిగి, ఆ ఇనుప రజను ఇంజెక్టర్లన్నిటిలోకీ వెళుతుంది. బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కారణం ఇంధనం కాబట్టి వారంటీలోకి రాదు. ఎలుకలు కొరికిన వైర్లు రావు. నిలిచిన నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగడం, అదీ రాదు. అది ఇన్సూరెన్స్ చూసుకోవాల్సిన పని, అక్కడా ఇంజన్‌కి విడిగా కవర్ తీసుకున్నారో లేదో చూసుకోవాలి.

మీ భయం ఇలాంటి వాటి గురించే అయితే ఎక్స్‌టెండెడ్ వారంటీ మీకు అక్కరకు రాదు. ఆ డబ్బు ఇన్సూరెన్స్ వైపు పెట్టుకోండి.

మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?

తమ్ముడి దగ్గరికొద్దాం. వాడిది ఊరూరా తిరిగే ఉద్యోగం. నెలకు సుమారు 3,000 కిలోమీటర్లు, ఏడాదికి 36,000. బండితో వచ్చే వారంటీ 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. వాడికి అమ్మజూపిన ప్లాన్ దాన్ని 5 ఏళ్లకు లేదా 1,40,000 కిలోమీటర్లకు పెంచుతుంది.

ఫోన్‌లోనే లెక్క వేశాను. లక్ష కిలోమీటర్లు వాడికి రెండేళ్ల తొమ్మిది నెలలకే నిండిపోతాయి. అక్కడి నుంచి మిగిలేది 40,000. అది పదమూడు నెలల తిరుగుడు. అంటే వాడు రెండేళ్లకని డబ్బు కట్టి పదమూడు నెలలు కొనుక్కుంటున్నాడు. బ్రోషర్ మీద "5 ఏళ్లు" అని పెద్దక్షరాల్లో ఉంది కదా, అది వాడి విషయంలో మూడేళ్ల పది నెలలు.

మా నాన్నగారి బండి సంగతి దీనికి పూర్తి విరుద్ధం. ఏడాదికి 6,000 కూడా తిరగదు. ఆయన ఇదే ప్లాన్ తీసుకుంటే ఐదేళ్లకు 30,000 దగ్గర ఆగుతుంది. అంత తక్కువ తిరిగిన బండిలో గేర్‌బాక్స్‌కో టర్బోకో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ముప్పు తక్కువ. అలాంటి బండిలో పోయేవి వాడకపోవడం వల్ల పోతాయి: బ్యాటరీ డౌన్ కావడం, టైర్లు గట్టిపడటం, బ్రేక్ డిస్కులు తుప్పు పట్టడం. వీటిలో దాదాపు ఏదీ కవర్ కాదు. ఎలక్ట్రానిక్స్ మాత్రం కిలోమీటర్లను లెక్కచేయవు, వేడికీ వయసుకీ పోతాయి. ఆయన బండిలో స్క్రీనూ సెన్సర్లూ దండిగా ఉంటే ఒకసారి ఆలోచించేదాన్నేమో. లేవు.

నా డెస్క్ మీద కూర్చుని చూసినంతలో ఈ ప్లాన్ల వల్ల నిజంగా లాభపడినవాళ్లు మధ్యలోవాళ్లు. ఏడాదికి 15,000 అటూ ఇటూగా తిరిగేవాళ్లు. నాలుగో ఏడు, ఐదో ఏడు పూర్తిగా వాళ్ల చేతిలో ఉంటాయి, ఆ సమయంలో బండి 45,000 నుంచి 75,000 మధ్య నడుస్తుంది. కిలోమీటర్ల గీత వాళ్లకు అడ్డు రాదు, అలాగని బండి మూలన పడి కూడా ఉండదు.

మీ లెక్క మీరు వేసుకోండి. పాత బండి ఉంటే దాని సర్వీసు బిల్లుల మీద మీటర్ రీడింగులు ఉంటాయి. రెండు బిల్లులు తీసి తేడా చూస్తే ఏడాదికి ఎంత తిరుగుతున్నారో తెలిసిపోతుంది. మనసులో అనుకునే అంకె ఎప్పుడూ తప్పే. "నేను పెద్దగా తిరగనండీ" అన్నవాళ్లు ఇరవై వేలు తిరిగినవాళ్లుంటారు.

ఇంకో ప్రశ్న. ఐదేళ్ల దాకా ఈ బండి మీ దగ్గరే ఉంటుందా? మూడు, నాలుగేళ్లకే మార్చే అలవాటుంటే, ప్లాన్ కొత్త ఓనరు పేరు మీదకు మారుతుందా, దానికి ఫీజెంత, అమ్మిన ఎన్ని రోజుల్లోపు చెప్పాలి, ఇవి చూడండి. మారేదైతే అమ్మేటప్పుడు నలుగురికీ చెప్పుకోవచ్చు. మారనిదైతే మీరు కట్టింది కట్టినట్టే పోతుంది.

పదివేలు తిరగలేదు కదా అని

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మంచి మనుషులు, జాగ్రత్తపరులు కూడా ఇక్కడే పడిపోవడం చూశాను.

సర్వీసు షరతు మామూలుగా ఇలా ఉంటుంది: 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. ఒకావిడ బండి పద్నాలుగు నెలల్లో 4,000 తిరిగింది. పదివేలు తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు దండగ అని సర్వీసుకు తేలేదు. నాలుగో ఏడు టర్బో ఈల వేయడం మొదలుపెట్టింది. ప్లాన్ ఉంది. పాత సర్వీసుల తేదీలు పంపమన్నారు, పంపాను. ఆ ఒక్క ఖాళీ చూపించి తిప్పికొట్టారు.

అన్యాయమే అనిపిస్తుంది, కానీ వాళ్ల వైపు నుంచి కొంత కారణముంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని నిలబెట్టేది ఇంజన్ ఆయిల్ తాలూకు పలచటి పొర, అంతకంటే ఏమీ లేదు. బండి తిరగకపోయినా ఆయిల్ పాతబడుతుంది. చిన్న చిన్న దూరాలకే వాడితే ఇంజన్ సరిగ్గా వేడెక్కక, ఆయిల్‌లో తేమ, ఇంధనం చేరి జిడ్డు కడుతుంది. ఆ జిడ్డు ముందు దెబ్బతీసేది టర్బో బేరింగునే.

కాబట్టి ప్లాన్ కొనేముందు మీ గురించి మీరు నిజం ఒప్పుకోండి. సర్వీసుకు టైముకి తీసుకెళ్లే మనిషేనా మీరు? గడువు దాటితే ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్ల దాకా చూసీచూడనట్టు వదిలేస్తారో షరతుల్లో ఉంటుంది, చదవండి. సర్వీసు కంపెనీ వర్క్‌షాప్‌లోనే చేయించాలా, బయట చేయించి బిల్లులు చూపిస్తే చాలా అన్నదీ చూడండి. కంపెనీ వర్క్‌షాప్‌లోనే అంటే, ఆ రెండేళ్లలో అక్కడ సర్వీసుకయ్యే అదనపు ఖర్చు కూడా ప్లాన్ ధరలోకి కలుపుకోవాలి. దాన్ని ఎవరూ కలపరు.

బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టండి, ఫోన్‌లో ఫొటోలూ తీసుకోండి. "మీ సిస్టమ్‌లో ఉంటుంది కదండీ" అనేవాళ్లు. సిస్టమ్‌లు మారతాయి, వర్క్‌షాప్‌లు చేతులు మారతాయి.

మార్పులు చేర్పుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. వైరు కోసి అతికించి పెట్టిన హారన్, లైట్లు, అలారం ఉంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి ఎలక్ట్రికల్ కంప్లయింట్‌కీ వాటినే చూపిస్తారు. ఇంజన్ పవర్ పెంచాలని సాఫ్ట్‌వేర్ మార్పించి, సర్వీసుకొచ్చే ముందు పాతది వేయించుకొచ్చినవాళ్లనూ చూశాను. చాలా ఈసీయూల్లో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్లలో) ఎన్నిసార్లు ప్రోగ్రామ్ రాశారో లెక్క మిగిలిపోతుంది. దొరికిపోతారు.

ధర ఎక్కువా తక్కువా అన్నది ఇలా తేల్చుకోండి

అమ్మేవాళ్లు ప్లాన్ ధరను బండి ధరతో పోల్చి చూపిస్తారు. "అంత పెట్టి కొన్నారు, ఇదెంత సార్" అని. బండి ధర పక్కన ఏది పెట్టినా చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ పోలిక పనికిరాదు.

పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి, లేదా ఫోన్ చేసి, మీ మోడల్‌కి ఈ ఐదింటి ధర లేబర్‌తో కలిపి అడగండి: ఏసీ కంప్రెసర్, ఎలక్ట్రిక్ స్టీరింగ్ ర్యాక్, ఏబీఎస్ మాడ్యూల్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), మధ్యలో ఉండే టచ్ స్క్రీన్, ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ లేదా టర్బో ఉంటే టర్బో. తర్వాత సర్వీసు సెక్షన్‌లో తలనెరిసిన మెకానిక్‌నో అడ్వైజర్‌నో పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ మోడల్ మూడేళ్లు దాటాక ఎక్కువగా దేనికి వస్తుంది?" సేల్స్ వాళ్లను అడగొద్దు, వాళ్లకు బండి డెలివరీతో కథ ముగిసింది. సర్వీసువాళ్లకు అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క. ప్లాన్ ధర 1 అనుకుందాం. ఒక పార్టు మార్పించే బిల్లు దానికి 4 రెట్లు. అంటే అలాంటి నాలుగు బండ్లలో ఒకదానికి ఆ పార్టు ఆ రెండేళ్లలో పోతేనే పెట్టిన డబ్బుకు సరిపోతుంది. మెకానిక్ "అబ్బే, అది ఎప్పుడో ఒకటి వస్తుందండీ" అంటే ఆ లెక్కన ప్లాన్ దండగ. "వారానికి ఒకటి మారుస్తున్నామండీ" అంటే కళ్లు మూసుకుని తీసుకోండి. లేదా బండే ఇంకోసారి ఆలోచించండి, ఇంకా కొనకపోతే.

సగటున చూస్తే కొన్నవాళ్లందరూ కట్టినదానికంటే తక్కువే వెనక్కి పొందుతారు. కమీషన్లు, ఆఫీసు ఖర్చులు, లాభం పోగా మిగిలినదే కదా క్లెయిములకు వెళ్లేది. అలా లేకపోతే ఆ వ్యాపారం నడవదు. అయినా కొనడానికి రెండు న్యాయమైన కారణాలున్నాయి. ఒకటి, మీ బండికి ముప్పు అందరి బండ్లకంటే ఎక్కువని మీకు గట్టిగా తెలియడం. రెండు, ఒకేసారి పెద్ద బిల్లు మీద పడితే మీ ఇల్లు తలకిందులవుతుందనిపించడం. రెండో కారణం చెప్పుకోవడానికి కొందరు మొహమాటపడతారు. అక్కర్లేదు. బండి ఆగితే జీతం ఆగే మనిషికీ, చేతిలో నాలుగు డబ్బులుండి బండి వారం రోజులు వర్క్‌షాప్‌లో ఉన్నా పర్వాలేని మనిషికీ ఒకే సలహా ఎలా ఇస్తాం?

బండి రకాన్ని బట్టీ మారుతుంది. ఏళ్ల తరబడి వస్తున్న, టర్బో లేని పెట్రోల్ ఇంజను, మాన్యువల్ గేర్లు, సాదా ఫీచర్లు ఉంటే నేను ప్లాన్ మాట ఎత్తను. మార్కెట్‌లోకి కొత్తగా దిగిన ఇంజను, రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, పైన తెరుచుకునే గాజు కప్పు (సన్‌రూఫ్), ముందు కెమెరా, రాడార్ ఉన్న బండి అంటే మాత్రం షరతుల కాగితం తెమ్మంటాను. ఎలక్ట్రిక్ బండి అయితే పెద్ద బ్యాటరీకి విడిగా వారంటీ వస్తుంది. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి, బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే పడిపోతే చూస్తామంటాయి. ఎక్స్‌టెండెడ్ ప్లాన్ అమ్మేవాళ్లు "బ్యాటరీ పోతే ఏంటి సార్" అని భయపెడితే, అది ఆల్రెడీ ఉందా లేదా చూసుకోండి. మీరు చూడాల్సింది బండిలోని చార్జరు, ఇన్వర్టరు, మోటారు, కూలింగ్ పంపులు ఈ ప్లాన్‌లో ఉన్నాయా అని.

కాగితంలో ఇంకా వెతకాల్సినవి

క్లెయిము వస్తే డబ్బు ఇవ్వాల్సింది ఎవరు? బండి తయారుచేసిన కంపెనీయా, షోరూమా, మూడో కంపెనీ ఏదైనానా? బ్రోషర్ మీద ఏ లోగో ఉందన్నది వదిలేయండి. చివరి పేజీలో అడ్రస్ ఎవరిదో చూడండి. తయారీ కంపెనీదైతే వాళ్ల వర్క్‌షాప్ ఎక్కడున్నా పని జరుగుతుంది. షోరూం సొంత ప్లాన్ అయితే ఆ షోరూం వరకే. మూడో కంపెనీ ప్లాన్‌తో వచ్చిన ఒక కస్టమర్ కోసం నేను నాలుగు రోజులు ఫోన్లు చేశాను. నాలుగో రోజు ఆ నంబరే పనిచేయడం మానేసింది.

రిపేరుకు పరిమితి ఉంటుంది, ఒక్కో క్లెయిముకి ఇంత, మొత్తం మీద ఇంత అని. ప్రతిసారీ మీరు పెట్టుకోవాల్సిన వాటా ఉంటుంది. అది వచ్చిన ప్రతిసారికా, ఒక్కో పార్టుకా అన్నది అడగండి. మూడు పార్టులు ఒకేసారి పోతే తేడా తెలుస్తుంది. కొన్ని ప్లాన్లు బండి తిరిగిన కొద్దీ పార్టు ధరలో కొంత శాతమే ఇస్తాయి. మిగతాది మీదే.

విప్పడానికయ్యే లేబర్ ఎవరిది? ఇది ఎవరూ అడగరు. గేర్‌బాక్స్ లోపం ఏమిటో తెలియాలంటే దించి విప్పాలి. విప్పాక క్లెయిము రాకపోతే ఆ లేబర్ బిల్లు మీ పేరు మీదే వస్తుంది. ముందు అనుమతి లేకుండా విప్పితే వచ్చే క్లెయిము కూడా పోతుంది. దారిలో ఆగిపోయి ఎవరో మెకానిక్ చేత విప్పించి, ఆ తర్వాత మా దగ్గరికి తెచ్చినవాళ్లకు నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు, అది మొదలుకాకముందు ఎంత, మొదలయ్యాక ఎంత. ఇది ఒక లైనులో ఉంటుంది, చూసుకోండి చాలు.

ఈ రోజే ఎందుకు?

చాలా కంపెనీల ప్లాన్లు మొదటి వారంటీ అయిపోయేలోపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆలస్యమైన కొద్దీ ధర మెట్లు మెట్లుగా పెరగొచ్చు, బండి ఒకసారి తనిఖీ చేస్తామనొచ్చు. ఆ మెట్ల పట్టిక అడిగి తీసుకోండి. మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ తేడా కొద్దిగానే ఉంటే ఆగడమే మేలు. ఏడాది, రెండేళ్లు నడిపాక మీకు ఆ బండి గుణం తెలుస్తుంది, మీరెంత తిరుగుతున్నారో తెలుస్తుంది, ఆ మోడల్ పేరు బజారులో ఏమైందో కూడా తెలుస్తుంది. ఇవన్నీ తెలిశాక కొనడానికి కాస్త ఎక్కువ కట్టినా నష్టం లేదు.

డెలివరీ రోజు కొనేవాళ్లు చేసే ఇంకో పొరపాటు, దాన్ని లోన్‌లో కలిపేయడం. "నెలకు కొద్దిగా పెరుగుతుందంతే" అంటారు. 10 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ అయితే ప్రతి 100కీ చివరికి కట్టేది సుమారు 127. నాలుగో ఏడు మొదలయ్యే సరుకుకి మొదటి నెల నుంచే వడ్డీ. కొనాలనే అనుకుంటే విడిగా, చేతి డబ్బుతో కొనండి.

ఇక ప్లాన్ వద్దనుకుని ఆ డబ్బు పక్కన పెట్టుకునే దారి ఉంది. నేను అదే చేశాను. ప్లాన్ ధరెంతో అంత డిపాజిట్ చేసి వదిలేశాను. ఐదో ఏడు నా బండి కంప్రెసర్ పోయింది, రాయి తగలకుండానే. బిల్లు ప్లాన్ ధర కంటే కొంచెం ఎక్కువే అయింది. లెక్కప్రకారం ప్లాన్ తీసుకుని ఉంటే నాకు కాస్త మిగిలేది. మా ఆయన ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. కానీ డబ్బు సిద్ధంగా ఉంది, సాయంత్రానికి బండి చేతికొచ్చింది, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడలేదు. ఒక్క మాట: పక్కన పెడతాననుకుని పెట్టనివాళ్లకు ఈ దారి లేనట్టే లెక్క.

వారంటీ అయిపోయాక కూడా కొన్ని తలుపులు తెరిచే ఉంటాయి. భద్రతకు సంబంధించిన రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలవడం) వస్తే ఆ పని ఉచితంగా చేస్తారు, దానికి ప్లాన్ అక్కర్లేదు. మొదటి వారంటీ ముగిసిన కొద్ది నెలల్లోపు పెద్ద పార్టు పోతే, సర్వీసులన్నీ టైముకి చేయించిన బండికి గుడ్‌విల్ కింద, అంటే బాధ్యత లేకపోయినా మర్యాద కొద్దీ, కంపెనీ కొంత భరించమని మేం రాసేవాళ్లం. అన్నీ పాసయ్యేవి కావు, కొన్ని సగానికి పాసయ్యేవి. అడగనివాళ్ల కోసం మాత్రం ఎవరూ రాయరు.

తమ్ముడు ఆ రోజు సంతకం పెట్టలేదు. "కిలోమీటర్ల పరిమితి లేని ప్లాన్ ఉందేమో అడుగు" అన్నాను. ఉందట. అడిగేదాకా ఎవరూ చెప్పలేదు. ధర మొదటిదానికి ఒకటిన్నర రెట్లు. వాడి తిరుగుడుకు అది పదమూడు నెలలకు బదులు రెండేళ్లకు పైగా పనికొస్తుంది కాబట్టి నెల లెక్కన చవకే.

కానీ అందులోనూ ఒక చిక్కుంది. ఆ ప్లాన్ "నాలుగో ఏడు మొదటి రోజు నుంచి" అని రాసి ఉంది. వాడి మొదటి వారంటీ కిలోమీటర్ల వల్ల రెండేళ్ల తొమ్మిది నెలలకే అయిపోతుంది. మధ్యలో మూడు నెలలు బండికి ఏ కవరూ ఉండదు. ఆ మూడు నెలల్లో వాడు తిరిగేది 9,000 కిలోమీటర్లు. ఈ సంగతి ఎత్తితే షోరూం మనిషి "అలా ఏం ఉండదు సార్, కంటిన్యూ అవుతుంది" అన్నాడట.

"నోటిమాట కాదు, మెయిల్‌లో రాసిమ్మను" అన్నాను.

తొమ్మిది రోజులకు మెయిల్ వచ్చింది. కిలోమీటర్లు నిండిన రోజు నుంచే ప్లాన్ మొదలవుతుందని, కంపెనీ వైపు నుంచే. తమ్ముడు దాన్ని ప్రింట్ తీసి షరతుల కాగితం వెనక పిన్ కొట్టాడు, ఆ తర్వాతే డబ్బు కట్టాడు. తొమ్మిది రోజుల తర్వాత కూడా రేటు మొదటి రోజు చెప్పిందే.